రెడ్ సాక్స్ షార్ట్‌స్టాప్‌లు: అసలు తప్పు ఎక్కడ జరిగింది?

2004 జులై 31న, ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ గడువు ముగిసే రోజున, అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ తమ షార్ట్‌స్టాప్ నోమార్ గార్సియాపారాను చికాగో కబ్స్‌కు ఇచ్చేసింది. అతను మామూలు ఆటగాడు కాదు. 1997లో లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా అవార్డు తీసుకున్నాడు. 1999లో .357, 2000లో .372 సగటుతో (వెయ్యిసార్లు బ్యాట్ పడితే 357, 372 హిట్లు అన్నమాట) వరుసగా రెండేళ్లు అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. ఆ ఊరి అభిమానులు తమ ఇంటి మనిషిగా చూసుకున్న ఆటగాడు. అలాంటివాణ్ణి పంపించేసిన మూడు నెలలకు ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచింది. దాంతో ఆ ట్రేడ్ మీద చర్చ ముగిసిపోయింది. గెలిచారు కదా, ఇంకేం మాట్లాడతాం అన్నారు జనం.

ఇలా తీర్పు చెప్పడం తేలిక, కానీ సరి కాదు. గెలిచిన ఏడాది తీసుకున్న నిర్ణయాలన్నీ మంచివీ కావు, ఓడిన ఏడాదివన్నీ చెడ్డవీ కావు. ఒక నిర్ణయం మంచిదో కాదో తేల్చాలంటే, ఆ రోజు వాళ్లకు ఏం తెలుసు, ఎదురుగా ఇంకా ఏ దారులు ఉన్నాయి, ఆ మర్నాటి నుంచి ఏం చేశారు అన్నవి చూడాలి. ఇలా లెక్క వేసుకుంటూ పోతే రెడ్ సాక్స్ చరిత్రలో అందరూ తిట్టుకునే నిర్ణయాలు చాలావరకు సమర్థించుకోదగ్గవే అనిపిస్తాయి. పెద్దగా ఎవరూ పట్టించుకోని కొన్ని నిర్ణయాలే అసలు నష్టం తెచ్చాయి. వాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: షార్ట్‌స్టాప్ గురించి నిర్ణయం తీసుకుంటూ మనసులో ఇంకేదో లెక్క పెట్టుకోవడం.

బేస్‌బాల్‌తో పరిచయం లేనివాళ్లకు ఈ స్థానం గురించి రెండు మాటలు చెప్పాలి. షార్ట్‌స్టాప్ రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడతాడు. కుడిచేతి బ్యాటర్లే ఎక్కువ కాబట్టి నేల మీద దూసుకొచ్చే బంతులు ఎక్కువగా అతని వైపే వస్తాయి. క్రికెట్‌లో పాయింట్ దగ్గర మంచి ఫీల్డర్‌ను ఎందుకు పెడతారో ఇక్కడా అందుకే పెడతారు. కాకపోతే ఇక్కడ బంతి ఆపడంతో పని అయిపోదు. బ్యాటర్ 90 అడుగుల దూరంలోని మొదటి బేస్‌కు నాలుగు సెకన్లకు కాస్త అటూ ఇటూగా చేరిపోతాడు. ఆలోపు బంతిని అందుకుని, కాళ్లు సర్దుకుని, మైదానం అడ్డంగా గురి చూసి విసరాలి. ఇంత పని చేయగలవాడు బ్యాట్‌తో కూడా రాణించడం అరుదు. అందుకే ఆ అరుదైనవాడు దొరికితే జట్టు యాజమాన్యాలు కోట్లు కుమ్మరిస్తాయి. దొరకనప్పుడు చేతికి (ఫీల్డింగ్‌కు) ప్రాధాన్యం ఇవ్వాలా, బ్యాట్‌కు ఇవ్వాలా అన్న ప్రశ్న ఏటేటా తిరిగి వస్తుంది.

మళ్లీ నోమార్ దగ్గరికి వద్దాం. 2001లో మణికట్టు గాయంతో అతను 21 మ్యాచ్‌లే ఆడాడు. తిరిగొచ్చాక బాగానే కొట్టాడు కానీ మునుపటి ఆటగాడు కాలేదు. 2003 వసంతంలో జట్టు నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్లు ఇస్తామంటే అతను సరే అనలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ శీతాకాలం టెక్సాస్ రేంజర్స్ షార్ట్‌స్టాప్ అలెక్స్ రోడ్రిగెజ్‌ను తెచ్చుకోవడానికి బోస్టన్ గట్టిగా ప్రయత్నించింది. బ్యాటర్ మానీ రామిరెజ్‌ను టెక్సాస్‌కు, నోమార్‌ను చికాగో వైట్ సాక్స్‌కు పంపాలన్నది ఆలోచన. పదేళ్లకు 25.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్‌లో కొంత వదులుకోవడానికి రోడ్రిగెజ్ సిద్ధపడ్డాడు, కానీ ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఒకరి కాంట్రాక్ట్ అలా తగ్గిస్తే రేపు అందరి మీదా అదే ఒత్తిడి వస్తుందన్నది వాళ్ల వాదన. బేరం చెడింది. రెండు నెలలకు రోడ్రిగెజ్ న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లి, అక్కడ షార్ట్‌స్టాప్‌గా డెరెక్ జీటర్ ఉన్నాడు కాబట్టి మూడో బేస్‌కు మారాడు. బోస్టన్‌లో తనను అమ్మబోయారని తెలిసిన నోమార్ అదే జట్టుతో కొత్త సీజన్‌కు తయారయ్యాడు.

ఆ బేరం కుదిరి ఉంటే మానీ 2004లో బోస్టన్‌లో ఉండేవాడు కాదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడు అతనే. అప్పటికి మైనర్ లీగ్‌లో (కింది స్థాయి పోటీల్లో) ఉన్న జాన్ లెస్టర్ కూడా ఆ బేరంలో పోయేవాడని అప్పటి కథనాలు. 2007లో వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్ గెలిపించిన పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) అతను. ఇన్నేళ్లలో షార్ట్‌స్టాప్ విషయంలో బోస్టన్‌కు కలిసొచ్చిన మంచిలో పెద్దది, తాము కోరుకున్నది జరగకపోవడమే. దాన్ని యాజమాన్యం తెలివితేటల ఖాతాలో వేయడానికి లేదు.

ఇక 2004 సీజన్. మడమ వెనకాలి స్నాయువు గాయంతో నోమార్ తొలి రెండు నెలలు ఆడలేదు. వచ్చాక కూడా పక్కకు వెళ్లే బంతులు అందడం తగ్గింది. జులై 1న యాంకీ స్టేడియంలో జరిగిన మ్యాచ్ మామూలు తొమ్మిది దాటి 13 ఇన్నింగ్స్ దాకా సాగింది. 12వ ఇన్నింగ్స్‌లో జీటర్ పరిగెత్తి బంతి పట్టుకుని, ఆ ఊపులోనే ప్రేక్షకుల కుర్చీల్లోకి పడిపోయి, ముఖం చిట్లి రక్తంతో లేచాడు. అదే రాత్రి నోమార్‌కు విశ్రాంతి ఇచ్చారు. అతను బెంచీ మీద కూర్చుని ఉండటం టీవీలో అందరూ చూశారు. ఒకే తెర మీద ఇద్దరు షార్ట్‌స్టాప్‌లు. గాయపడ్డవాడు కూర్చోవడం తప్పేమీ కాదు, పైగా అది ముందే అనుకున్న విశ్రాంతి. అయినా ఆ దృశ్యం అతని పేరును చాలా దెబ్బతీసింది. ఈ ట్రేడ్‌ను సమర్థించేవాళ్లు కొందరు ఇప్పటికీ ఆ రాత్రినే ఉదాహరణగా చూపిస్తారు. అది అన్యాయం. ట్రేడ్‌ను సమర్థించడానికి ఆ దృశ్యంతో పనే లేదు, ఫీల్డింగ్ లెక్కలు చాలు.

జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్ చూసింది ఆ లెక్కలనే. జట్టు బ్యాటింగ్ బాగుంది, పిచ్చింగ్ బాగుంది, ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు) మాత్రం పరుగులు ఇచ్చేస్తోంది. నాలుగు జట్లు కలిసిన ట్రేడ్‌లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ నుంచి షార్ట్‌స్టాప్ ఓర్లాండో కాబ్రెరా, మిన్నెసోటా ట్విన్స్ నుంచి మొదటి బేస్‌మన్ డగ్ మింట్‌కేవిచ్ వచ్చారు. ఇద్దరూ గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే అవార్డు) గెలిచినవాళ్లే. సీజన్ ముగిస్తే నోమార్ ఎలాగూ ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు. ఉండే అవకాశం తక్కువ, ఆరోగ్యం అనుమానం, ఫీల్డింగ్ తగ్గింది. ఇవన్నీ ఆ రోజు తెలిసిన సంగతులే. వరల్డ్ సిరీస్ ఓడిపోయి ఉన్నా ఈ నిర్ణయం సరైనదే. ఆ తర్వాత నోమార్ ఏ సీజన్‌లోనూ పూర్తికాలం షార్ట్‌స్టాప్‌గా నిలబడలేదు. 2006లో లాస్ ఏంజెలిస్‌లో మొదటి బేస్‌కు మారాడు. 2010లో ఒక్కరోజు కాంట్రాక్ట్ మీద బోస్టన్ ఆటగాడిగానే రిటైరయ్యాడు. ఆ ఊరు, అతను మళ్లీ కలుసుకోవడం చాలామందికి ఊరట.

తప్పు ఆ తర్వాత జరిగింది. కాబ్రెరా వచ్చిన తొలి మ్యాచ్‌లో తొలిసారి బ్యాట్ పట్టినప్పుడే హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టాడు. యాంకీస్ మీద మూడు మ్యాచ్‌లు వెనకబడి నాలుగు వరుసగా గెలిచిన ఆ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో .379 కొట్టాడు. నేల బంతులు అతని దగ్గరికి వెళ్తే పిచ్చర్లకు టెన్షన్ ఉండేది కాదు. అలాంటివాణ్ణి సీజన్ కాగానే వెళ్లనిచ్చారు. ఏంజెల్స్ జట్టు నాలుగేళ్లకు 3.2 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుంది. అదే సమయంలో బోస్టన్ అంతకంటే ఎక్కువగా, నాలుగేళ్లకు 4 కోట్ల డాలర్లు పెట్టి సెయింట్ లూయిస్ నుంచి ఎడ్గార్ రెంటెరియాను తెచ్చుకుంది. 2004 వరల్డ్ సిరీస్ చివరి బంతిని పిచ్చర్ కీత్ ఫోక్ చేతిలోకి కొట్టి ఔటైన బ్యాటర్ ఇతనే.

కాగితం మీద ఇది పిచ్చి నిర్ణయమేమీ కాదు. రెంటెరియాకు రెండు గోల్డ్ గ్లవ్‌లు ఉన్నాయి. 2003లో .330 సగటుతో ఆడి, తన బ్యాటింగ్‌తో జట్టుకు వంద పరుగులు చేయించాడు. వయసులో కాబ్రెరా కంటే చిన్నవాడు. బ్యాట్ మెరుగు, చెయ్యి దాదాపు సమానం అనుకున్నారు. కానీ మూడు నెలలు తమ కళ్లముందే ఆడినవాడి గురించి తెలిసినదాన్ని, వేరే లీగ్‌లో ఆడినవాడి సగటు కోసం పక్కన పెట్టారు. 2005లో రెంటెరియా 30 ఎర్రర్లు (ఫీల్డింగ్ పొరపాట్లు) చేశాడు. ఒక షార్ట్‌స్టాప్‌కు అది చాలా పెద్ద సంఖ్య. ఫెన్‌వే పార్క్ జనం అతన్ని వదల్లేదు. ఏడాది తిరగ్గానే, జీతంలో కొంత తామే కడుతూ మరీ, అట్లాంటాకు పంపించేశారు. అక్కడ 2007లో అతను .332 కొట్టాడు. 2010లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అంటే చెడ్డ ఆటగాణ్ణి ఏరికోరి తెచ్చుకోలేదు, మంచి ఆటగాణ్ణి ఒక్క ఏడాది చూసి వదిలేసుకున్నారు. ఒకే ఏడాది వ్యవధిలో రెండు తప్పులు జరిగాయి, రెండోది మొదటిదాన్ని దిద్దబోయి చేసింది.

న్యాయంగా చెప్పాలంటే కాబ్రెరా వెళ్లినందుకు పరిహారంగా ఏంజెల్స్ నుంచి వచ్చిన డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంపికతోనే బోస్టన్ 2005లో ఔట్‌ఫీల్డర్ జాకబీ ఎల్స్‌బరీని తీసుకుంది. 2007, 2013 విజయాల్లో అతనికీ పాత్ర ఉంది. ఆ లాభం కాబ్రెరాను వదులుకున్న నష్టాన్ని కొంత పూడుస్తుంది. షార్ట్‌స్టాప్ స్థానాన్ని మాత్రం పూడ్చలేదు.

2005 నవంబర్ నాటి ట్రేడ్ మీదే ఇప్పటికీ ఎక్కువ వాదన జరుగుతుంది. జట్టు మైనర్ లీగ్‌లో పెరుగుతున్న షార్ట్‌స్టాప్ హాన్లీ రామిరెజ్‌ను, పిచ్చర్ అనిబాల్ సాంచెజ్‌ను, మరో ఇద్దరిని ఫ్లోరిడా మార్లిన్స్‌కు ఇచ్చి పిచ్చర్ జాష్ బెకెట్‌ను, మూడో బేస్‌మన్ మైక్ లోవెల్‌ను తెచ్చుకున్నారు. అప్పటికి ఎప్‌స్టీన్ ఉద్యోగం వదిలి బయట ఉన్నాడు, తిరిగి వచ్చింది జనవరిలో. హాన్లీ వెళ్లిన మొదటి ఏడాదే నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. 2007లో 29 హోమ్ రన్లు, 51 స్టీల్స్ (పిచ్చర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరడం). 2009లో .342తో బ్యాటింగ్ టైటిల్. అదే కాలంలో బోస్టన్ షార్ట్‌స్టాప్ స్థానంలో ఏడాదికో మొహం కనిపిస్తుంటే అభిమానులకు కడుపు మండటం సహజం.

అయినా ఈ ట్రేడ్ సరైనదే. 2005లో హాన్లీ మైనర్ లీగ్‌లోని డబుల్-ఎ స్థాయిలో .271 కొట్టాడు, 6 హోమ్ రన్లు మాత్రమే. ప్రతిభ కనిపిస్తోంది కానీ ఫలితం ఇంకా రాలేదు. అవతల బెకెట్ పాతికేళ్లవాడు, అప్పటికే 2003 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు. 2007 పోస్ట్‌సీజన్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశలో) అతను ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిపించాడు. మార్లిన్స్ జీతం భారం దించుకోవడానికి అంటగట్టిన లోవెల్ అదే ఏడాది .324 సగటుతో 120 పరుగులు చేయించి వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడయ్యాడు. పోతే హాన్లీ ఫీల్డింగ్ మొదటి నుంచీ అంతంతమాత్రమే. ఏదో ఒకనాడు వేరే స్థానానికి మారక తప్పదని అప్పుడే అనిపించేది, మారాడు కూడా. అతను 2015లో బోస్టన్‌కే తిరిగొచ్చినప్పుడు షార్ట్‌స్టాప్‌లో కాదు, లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడాడు.

ప్రశ్నించాల్సింది ఏడాది తర్వాత జరిగినదాన్ని. 2006లో అలెక్స్ గొంజాలెజ్‌ను ఒక్క ఏడాదికి 30 లక్షల డాలర్లకు తెచ్చుకున్నారు. బ్యాటింగ్ .255, అంతే. కానీ అతని గ్లవ్ పని చూసినవాళ్లు మర్చిపోరు. బంతి గ్లవ్‌లో పడటం, చేతిలోకి మారడం, వెళ్లిపోవడం ఒకే కదలికలా ఉండేది. తొందరపాటు కనబడదు, బంతి మాత్రం రన్నర్ కంటే ముందే చేరుతుంది. సీజన్ కాగానే అతన్ని వదిలేశారు. సిన్సినాటి అతనికి మూడేళ్లకు 1.4 కోట్ల డాలర్లు ఇచ్చింది. బోస్టన్ మాత్రం నాలుగేళ్లకు 3.6 కోట్ల డాలర్లు పెట్టి హులియో లూగోను తీసుకుంది, లైనప్‌లో మొదట దిగి, బేస్‌ల మీద పరిగెత్తగలడన్న లెక్కతో.

2007లో లూగో 33 స్టీల్స్ చేసినా సగటు .237. జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. 2008లో గాయం. 2009 జులైలో అతన్ని జట్టు నుంచి తప్పించి, మిగిలిన జీతంలో చాలాభాగం తామే భరిస్తూ సెయింట్ లూయిస్‌కు పంపారు. ఆ ఆగస్టులో షార్ట్‌స్టాప్ లేక ఎవర్ని తెచ్చుకున్నారంటే, అదే అలెక్స్ గొంజాలెజ్‌ను. గొంజాలెజ్ మోకాలి గాయంతో 2008 మొత్తం ఆడలేదన్నదీ నిజమే. అందుకని అతన్ని ఉంచుకుంటే అంతా సుఖంగా ఉండేదని చెప్పలేం. కానీ 1.4 కోట్ల మనిషి గాయపడితే వచ్చే నష్టం వేరు, 3.6 కోట్ల మనిషి ఆడలేకపోతే వచ్చే నష్టం వేరు. షార్ట్‌స్టాప్ దగ్గర బ్యాటింగ్ ఆర్డర్‌లోని ఖాళీని నింపబోయారు, ఆ ఖాళీ నిండలేదు, ఇటు చెయ్యి కూడా పోయింది.

ఇదంతా కొత్త రోగం కాదు. 1934లో యజమాని టామ్ యాకీ వాషింగ్టన్ నుంచి జో క్రోనిన్‌ను 2.25 లక్షల డాలర్లకూ ఇంకో ఆటగాడికీ తెచ్చుకున్నాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో అది కళ్లు తిరిగే మొత్తం. క్రోనిన్ షార్ట్‌స్టాప్, మేనేజర్ (జట్టును ఆడించే కోచ్) కూడా. 1930ల చివర్లో బోస్టన్ చేతిలో ఉన్న లూయిస్‌విల్ జట్టులో పీ వీ రీస్ అనే కుర్రాడు షార్ట్‌స్టాప్‌గా ఎదుగుతున్నాడు. 1939 జులైలో అతన్ని బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు అమ్మేశారు. తన స్థానానికి పోటీ రాగల కుర్రాడి గురించి అభిప్రాయం చెప్పాల్సింది క్రోనినే కావడం ఇందులోని అసలు లోపం. అతను కావాలనే తక్కువ చేసి చెప్పాడా అన్నది పక్కన పెట్టినా, ఆ కుర్చీలో ఉన్న ఏ మనిషినీ ఆ ప్రశ్న అడగకూడదు. రీస్ డాడ్జర్స్ తరఫున పదహారు సీజన్లు ఆడి, 1955లో వరల్డ్ సిరీస్ గెలిచి, హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు.

అయితే ఆట పరంగా బోస్టన్‌కు అప్పటికప్పుడు జరిగిన నష్టం అనుకున్నంత లేదు. 1939లో క్రోనిన్ .308 కొట్టి 107 పరుగులు చేయించాడు. 1942లో జానీ పెస్కీ వచ్చి మొదటి సీజన్‌లోనే 205 హిట్లు కొట్టాడు. 1946 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఔట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన బంతి పట్టుకుని పెస్కీ ఒక్క క్షణం తటపటాయించాడని, అందుకే ఈనాస్ స్లాటర్ మొదటి బేస్ నుంచి హోమ్ దాకా పరిగెత్తి గెలుపు పరుగు చేశాడని దశాబ్దాల పాటు నిందించారు. పాత ఫిల్ములో ఆ తటపటాయింపు పట్టి చూసినా స్పష్టంగా కనబడదు. పెస్కీ ఆ నింద మోస్తూనే జీవితంలో చాలాభాగం ఆ జట్టుతో గడిపాడు. 2008లో అతని 6వ నంబర్‌ను జట్టు గౌరవంగా పక్కన పెట్టింది. ఫెన్‌వేలో కుడివైపు స్తంభానికి అతని పేరే ఉంది.

రీస్ కంటే చాలా పెద్ద నష్టం 1945లో జరిగింది. ఏప్రిల్ 16న ఫెన్‌వే పార్క్‌లో ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లకు ట్రయల్ పెట్టారు. జట్టు కోరి పెట్టింది కాదు. ఇజడోర్ మచ్‌నిక్ అనే నగర కౌన్సిలర్, వెండెల్ స్మిత్ అనే జర్నలిస్టు వెంటపడితే పెట్టాల్సి వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరు జాకీ రాబిన్సన్. ఆ ఏడాది కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టులో అతను ఆడింది షార్ట్‌స్టాప్‌గానే. బోస్టన్ నుంచి తిరిగి పిలుపు రాలేదు. 1947లో బ్రూక్లిన్ తరఫున అతను మైదానంలోకి దిగి ఆటనే మార్చేశాడు, అదే ఇన్‌ఫీల్డ్‌లో షార్ట్‌స్టాప్ బోస్టన్ అమ్మేసిన రీస్. మేజర్ లీగ్‌లోని 16 జట్లలో నల్లజాతి ఆటగాణ్ణి ఆడించిన చివరి జట్టు రెడ్ సాక్స్. ఇన్‌ఫీల్డర్ పంప్సీ గ్రీన్‌ను 1959లో దింపారు. దీన్ని ఆటగాళ్ల ఎంపికలో పొరపాటు అనడం తక్కువ చేసి మాట్లాడటమే. అది అన్యాయం, తెలిసి చేసింది. జట్టు చరిత్రలో షార్ట్‌స్టాప్‌ల గురించి ఏ పట్టిక వేసినా మొదటి పేరు అసలు ఆ జట్టుకు ఆడని రాబిన్సన్‌దే కావాలి.

మధ్యలోని దశాబ్దాల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1948లో వెర్న్ స్టీఫెన్స్‌ను తెచ్చి పెస్కీని మూడో బేస్‌కు మార్చడం పనిచేసింది, 1949లో స్టీఫెన్స్ 159 పరుగులు చేయించాడు. 1969లో 40 హోమ్ రన్లు కొట్టిన షార్ట్‌స్టాప్ రీకో పెట్రొచెల్లీని 1971లో మూడో బేస్‌కు జరిపి, మహా ఫీల్డర్ లూయిస్ అపరిసియోకు చోటిచ్చారు. అప్పటికి అపరిసియో వయసు 37. మరుసటి ఏడాది అక్టోబర్ 2న డెట్రాయిట్‌లో మూడో బేస్ మలుపు తిరుగుతూ కాలు జారి పడ్డాడు. అదే బేస్‌కు చేరిన కార్ల్ యాస్ట్రెమ్స్కీ ఔటయ్యాడు, మ్యాచ్ పోయింది. ఆ సీజన్ సమ్మె వల్ల జట్లన్నీ సమానంగా మ్యాచ్‌లు ఆడలేదు. బోస్టన్ అర మ్యాచ్ తేడాతో డివిజన్ టైటిల్ కోల్పోయింది. కాలు జారడానికి ఎవర్నీ తప్పు పట్టలేం.

2010 తర్వాతి కథలో పాత అలవాట్లే కనిపిస్తాయి. మార్కో స్కుటారో రెండేళ్లు నమ్మకంగా ఆడాడు. 2012 జనవరిలో జీతం ఆదా కోసం అతన్ని కొలరాడోకు ఇచ్చేశారు. అదే అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున అతను నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఉత్తమ ఆటగాడయ్యాడు. బోస్టన్ ఆ ఏడాది 93 మ్యాచ్‌లు ఓడింది. అతని స్థానంలో ఆడిన మైక్ అవిలెస్‌ను సీజన్ కాగానే టొరంటోకు ఇచ్చి, బదులుగా మేనేజర్ జాన్ ఫారెల్‌ను తెచ్చుకున్నారు. మేనేజర్ కోసం షార్ట్‌స్టాప్‌ను ఇవ్వడం వింతే కానీ, 2013లో ఫారెల్ వరల్డ్ సిరీస్ గెలిపించాడు.

ఆ ఏడాది షార్ట్‌స్టాప్ స్టీఫెన్ డ్రూ. ఒక్క ఏడాదికి 95 లక్షల డాలర్లు. పోస్ట్‌సీజన్‌లో 54 సార్లు బ్యాట్ పట్టి 6 హిట్లే కొట్టాడు. అయినా ఫారెల్ అతన్ని తీయలేదు, ఎందుకంటే నేల బంతులను నమ్మకంగా అందుకుంటున్నాడు. ఇదీ షార్ట్‌స్టాప్‌ను షార్ట్‌స్టాప్‌గా చూడటమంటే. అదే జులైలో క్యూబా నుంచి వచ్చిన హోసే ఇగ్లేసియస్‌ను మూడు జట్ల ట్రేడ్‌లో ఇచ్చి పిచ్చర్ జేక్ పీవీని తీసుకోవడం కూడా తెలివైన పనే. ఇగ్లేసియస్ గ్లవ్ అద్భుతం. కానీ వెనక అరూబా ద్వీపం కుర్రాడు జాండర్ బోగార్ట్స్ సిద్ధంగా ఉన్నాడు.

ఆ బోగార్ట్స్ విషయంలోనే యాజమాన్యం మళ్లీ తడబడింది. 2014లో స్థానం అతనిదే అన్నారు. మే నెల చివరికి .300కు దగ్గరలో కొడుతున్నాడు. ఇంతలో మూడో బేస్‌లో గాయాలొచ్చాయని, ఏ జట్టూ తీసుకోని డ్రూను మళ్లీ పిలిచి షార్ట్‌స్టాప్ ఇచ్చి, 21 ఏళ్ల బోగార్ట్స్‌ను మూడో బేస్‌కు పంపారు. కుర్రాడి బ్యాట్ ఒక్కసారిగా చల్లబడింది, సీజన్ .240తో ముగిసింది. డ్రూ రెండు జట్లలో కలిపి .162 కొట్టాడు. జులై 31న అతన్ని యాంకీస్‌కు ఇచ్చేశారు. బోగార్ట్స్ తడబాటుకు స్థానం మార్పు ఒక్కటే కారణమని చెప్పలేం, కొత్తవాళ్లందరికీ అలాంటి గడ్డుకాలం వస్తుంది. కానీ అప్పటికే ఆ సీజన్ చేజారుతోంది. నేర్చుకోవాల్సిన కుర్రాడి స్థానాన్ని అలాంటప్పుడు కదిలించడం వల్ల వచ్చేదేమీ లేదు.

అదృష్టం కొద్దీ అతను నిలదొక్కుకున్నాడు. 2015లో .320. 2018లో 108 మ్యాచ్‌లు గెలిచి వరల్డ్ సిరీస్ కొట్టిన జట్టులో 103 పరుగులు చేయించాడు. 2019లో 33 హోమ్ రన్లు కొట్టి, 117 పరుగులు చేయించాడు. నోమార్ తర్వాత ఆ స్థానం ఇన్నేళ్లు ఒకే మనిషి చేతిలో ఉండటం అదే మొదటిసారి. 2019 ఏప్రిల్‌లో ఆరేళ్లకు 12 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. బయటికెళ్తే ఇంకా ఎక్కువే వచ్చేది. ఆ ఊరంటే ఇష్టంతో తక్కువకు ఒప్పుకున్నాడు. 2022 తర్వాత కావాలంటే వెళ్లిపోయే హక్కు మాత్రం కాంట్రాక్ట్‌లో ఉంది.

2022 వసంతంలో, ఆ హక్కు వాడుకునే సమయం దగ్గరపడ్డాక, జట్టు ఇవ్వజూపింది ఒక్క అదనపు ఏడాది, 3 కోట్ల డాలర్లు అని వార్తలొచ్చాయి. అదే మార్చిలో కొలరాడో షార్ట్‌స్టాప్ ట్రెవర్ స్టోరీకి ఆరేళ్లకు 14 కోట్ల డాలర్లు ఇచ్చి రెండో బేస్‌లో ఆడమన్నారు. బోగార్ట్స్‌కు దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. డిసెంబర్‌లో శాన్ డియెగో పదకొండేళ్లకు 28 కోట్ల డాలర్లు ఇచ్చింది, అతను వెళ్లిపోయాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ముప్పై ఏళ్ల షార్ట్‌స్టాప్‌కు పదకొండేళ్ల కాంట్రాక్ట్ ఇవ్వకపోవడం తప్పా? కాదు. శాన్ డియెగోలో 2024లో అతన్ని రెండో బేస్‌కు జరిపారు, ఆ ఏడాది, మరుసటి ఏడాది సగటు .260ల్లోకి దిగింది. డిసెంబర్‌లో బోస్టన్ ఆ అంకెకు పోటీ పడకపోవడమే మంచిదైంది. కానీ వ్యవహారాన్ని డిసెంబర్ దాకా రానివ్వడమే తప్పు. స్టోరీకి పెట్టిన సొమ్ముకు కాస్త కలిపి వసంతంలోనే మర్యాదగా మాట్లాడి ఉంటే, ఉండటానికే మొగ్గు చూపే మనిషి ఉండిపోయే అవకాశం బాగా ఉంది. పైగా స్టోరీ మోచేతి మీద అప్పటికే అనుమానాలున్నాయి. 2023 జనవరిలో ఆ మోచేతికే ఆపరేషన్ అయింది. అంతకుముందు సెంటర్ ఫీల్డ్‌లో మెరిసిన కీకే హెర్నాండెజ్‌ను ఆ ఏడాది షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టారు. డజనుకు పైగా ఎర్రర్లు చేసి, జులైలోనే ట్రేడ్ అయిపోయాడు. 2024 ఏప్రిల్‌లో ఆనహైమ్‌లో బంతి కోసం దూకిన స్టోరీ భుజం విరిగింది. మొదటి మూడేళ్లలో అతను ఆడింది 94, 43, 26 మ్యాచ్‌లు.

2025లో అదే స్టోరీ 157 మ్యాచ్‌లు ఆడి, 25 హోమ్ రన్లు కొట్టి, 31 స్టీల్స్ చేసి, జట్టును పోస్ట్‌సీజన్‌కు చేర్చడంలో పెద్ద చెయ్యి వేశాడు. గాయాలతో మూడేళ్లు పోగొట్టుకుని 32 ఏళ్ల వయసులో అలా తిరిగి రావడం నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. అంతమాత్రాన 2022 నిర్ణయం ఒప్పయిపోదు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు పూర్తికాలం షార్ట్‌స్టాప్‌గా ఆడి వరల్డ్ సిరీస్ గెలిచింది మూకీ బెట్స్. 2011లో బోస్టన్ అతన్ని తీసుకున్నదే ఇన్‌ఫీల్డర్‌గా. దారి లేక ఔట్‌ఫీల్డ్‌కు మార్చి, 2020లో జీతాల లెక్కలు చూసుకుని ఇచ్చేశారు.

ఇప్పుడు వాళ్ల చేతిలో మార్సెలో మేయర్ ఉన్నాడు. 2021 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపిక, పుట్టు షార్ట్‌స్టాప్. 2025 మే నెలలో మేజర్ లీగ్‌కు పిలిచినప్పుడు అతన్ని నిలబెట్టింది మూడో బేస్‌లో, స్టోరీ ఉన్నాడు కాబట్టి. స్టోరీ అంత బాగా ఆడుతున్నప్పుడు అది అర్థం చేసుకోదగ్గదే. కానీ షార్ట్‌స్టాప్ ఎప్పటినుంచి అతనిదో మేయర్‌కు ముందే చెప్పి, చెప్పిన తేదీకి కట్టుబడి, మధ్యలో ఇంకెవరి కోసమో మార్చకుండా ఉండటం బోస్టన్‌కు చేతనైన పనే, ఒక్క డాలర్ ఖర్చు లేనిది కూడా. 2014లో బోగార్ట్స్‌కు చేయనిది అదే.